మైకు యేసురాజు మెడ

మా ఆయన మొహం కంటే ముందు నేను ఆయన గొంతు విన్నాను. గొలుగొండలో మా ఇంటి ముందు నుంచి మైకు కట్టిన రిక్షా వెళుతోంది. నర్సీపట్నంలో కొత్త సినిమా వచ్చిందని ఒక గొంతు వీధంతా మోగించేస్తోంది. "ఎవరిదే అమ్మా ఆ గొంతు?" అని పరుగెత్తుకొచ్చాను. మరుసటి ఏడాది అదే గొంతు చర్చిలో నా పక్కన నిలబడి పెళ్లి ప్రమాణం చేసింది. ఇంకేం కావాలి చెప్పండి!

అలాంటి గొంతుకి ముప్పు తెచ్చుకుంటే నాకు ఒళ్లు మండదూ?

రిక్షా పోయి ఆటో వచ్చాక మొదలైంది గొడవ. ముందు సీట్లో కూర్చుని, మెడ వెనక్కి తిప్పి జనాన్ని చూస్తూ మాట్లాడటం ఈయన అలవాటు. సాయంత్రానికి మెడ పట్టేసేది. పట్టేసినప్పుడల్లా నర్సీపట్నం బస్టాండు దగ్గర సూరన్న మంగలి షాపుకి పోయేవారు. మా ఊరి మగాళ్లందరికీ ఇదే పిచ్చి. క్షవరం అయ్యాక సూరన్న గడ్డం ఒక చేత్తో, తల ఒక చేత్తో పట్టుకుని మెడని అటు ఫట్, ఇటు ఫట్ మనిపిస్తేగాని కుర్చీ దిగరు. చప్పుడెంత గట్టిగా వస్తే నొప్పి అంత పోయినట్టట!

రెండువేల మూడులో కుడి చెయ్యి జివ్వున లాగడం మొదలైంది. "నాకేటీ అవనేదు, ఒగ్గీయే" అనేవారు. తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాయి. ఒకరోజు మాకవరపాలెంలో ప్రచారం చేస్తుంటే మైకు చేతిలోంచి జారి రోడ్డు మీద పడింది. ఆ సంగతి తెలిశాక నేనాగుతానా! "ఏటండీ సూస్తారు, బయల్దేరండి బేగి" అని విశాఖపట్నం లాక్కుపోయాను.

డాక్టరుగారు స్కానింగ్ ఫిల్ము వెలుగులో పెట్టి చూపించారు. మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్కు జారి నరాన్ని నొక్కేస్తోందట. దాన్ని తీసేసి, తుంటి దగ్గర నుంచి చిన్న ఎముక ముక్క తెచ్చి అక్కడ పెట్టి, ప్లేటూ స్క్రూలతో బిగిస్తారట. కొన్ని నెలలకి పైఎముకా కిందెముకా ఒక్కటైపోతాయట.

"మెడ ఎనకాల కోస్తారా అండీ?" అన్నారీయన.

"కాదు, ముందు నుంచి. గొంతు పక్కగా వెళతాం. కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చు, మింగడం కష్టం కావచ్చు. చాలామందికి బాగైపోతుంది. అందరికీ అవుతుందని మాత్రం చెప్పలేను. చేయించుకోకపోతే చేతిలో బలం ఇంకా తగ్గిపోవచ్చు."

బయటికొచ్చాక ఈయన బెంచీ మీద కూలబడ్డారు. "సెయ్యి నేకపోతే మైకు ఆటోకి కట్టుకుంతాను. గొంతు నేకపోతే నానేటే, కరుణా?"

"రెండూ ఉంతాయి. ముందు నెగండి" అని కసిరాను.

ఆపరేషన్ అయింది. కళ్లు తెరిచి ఈయన మొదట చేసిన పని వేళ్లు ఆడించుకోవడం. లాగుడు పోయింది! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. తర్వాత నన్ను పిలవబోయారు. పెదవులు కదిలాయి, గాలి మాత్రమే వచ్చింది.

మర్నాడే లేపి నడిపించారు. మెడ కంటే తుంటి దగ్గర కోసిన చోటే ఎక్కువ నొప్పన్నారు. మింగలేక కొన్నాళ్లు గంజీ, మెత్తగా పిసికిన పెరుగన్నమే. మెడకి పట్టీ. బిందె ఎత్తొద్దు, ఆటో ఎక్కి కుదుపులు పడొద్దు. ఎముక అతుకుతోందని ఎక్స్‌రేలో కనబడగానే పట్టీ తీసేశారు. "గొంతులో నరం కూడా బాగానే ఉంది, ధైర్యంగా మాట్లాడండి. మెడ మాత్రం ఎవరిచేతా విరిపించుకోవద్దు" అన్నారు డాక్టరుగారు.

మాట్లాడితేనా! గట్టిగా అరిస్తే ప్లేటు ఊడిపోతుందని భయం. చర్చిలో పాటకి పెదవులే కదిపేవారు. ఇంట్లో గుసగుసలే. పోట్లాడదామన్నా తోడు లేక నాకు పిచ్చెక్కిపోయింది.

జుట్టు చెవుల మీదికొచ్చిందని ఒక ఉదయం సూరన్న దగ్గరికి పంపాను. నేను రోడ్డుకి ఇవతల వంకాయలు బేరమాడుతున్నాను. అక్కడ క్షవరం అయిపోయింది. ముప్పై ఏళ్ల అలవాటు మరి, సూరన్న చేతులు వాటంతటవే గడ్డం మీదికీ తల మీదికీ పోయాయి.

"ఒరే సూరన్నా! ఒగ్గరా నా మెడ! అందల ప్లేటుందిరా!"

బస్టాండు బస్టాండంతా ఉలిక్కిపడింది! యలమంచిలి బస్సు కండక్టరు తల బయట పెట్టి, "ఓలమ్మో, మైకు రాజుగారు ఒచ్చీసినారేటి!" అని అరిచాడు. నేను వంకాయలక్కడే పారేసి పరుగెత్తాను. సూరన్న రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు. ఈయన గొంతు పట్టుకుని నవ్వుతున్నారు, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఇన్నావా?" అన్నారు మళ్లీ గుసగుసగా.

"నాను ఇననేదు. గట్టిగా సెప్పండి" అన్నాను మొండిగా.

మైకు లేకుండా, నడిబజార్లో, గుండెల నిండా గాలి పీల్చి పిలిచారు.

"కరుణా!"