అప్ప తప్పని పథ్యం

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. కానీ దాన్ని నమ్మిన మనిషి తిరిగి నాకే క్షమాపణ చెప్పుకుని చనిపోయింది. బరువు అక్కడుంది.

ఆమె మా అప్ప, నాకు తోడబుట్టిన పెద్దది. భోగాపురం వైపు ఊళ్లలో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి నన్ను చదివించింది. ముందు ఆమె నోట్లో పుళ్లు వచ్చాయి. వేడి అనుకున్నాం. తర్వాత వీపంతా నీటి బొబ్బలు. చీర రాసుకుంటే చాలు, చిట్లిపోయేవి. విశాఖలో చర్మం ముక్క తీసి పరీక్షించి పెంఫిగస్ అన్నారు. అది అంటుకునే జబ్బు కాదనీ, ఒంటిని కాపాడవలసిన శక్తే దారి తప్పి చర్మాన్ని అతికించి ఉంచేదాన్ని తెగగొడుతోందనీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. స్టెరాయిడ్ మాత్రలు రాసి, తగ్గినట్టనిపించినా సొంతంగా తగ్గించవద్దన్నారు. ఆ మాట విన్నది నేను. అప్పకు చదువు రాదు. మాత్రలు నేనే ఇచ్చేవాణ్ణి.

నాకు చదువు వచ్చు. చిక్కంతా అదే. స్టెరాయిడ్ల గురించి దొరికిందల్లా చదివాను. ఎముకలు గుల్లబారతాయట. షుగరు వస్తుందట. అప్పకు మొహం ఉబ్బింది, షుగరూ వచ్చింది. పుళ్లు మానుతున్నాయి కదా అని, ఆమెకు గానీ డాక్టరుకు గానీ చెప్పకుండా మాత్రలు తగ్గిస్తూ వచ్చాను. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ఎందుకు చేయలేదు? తెలిసినవాళ్లను అడిగితే నా తెలివి తరిగిపోతుందనుకున్నానా?

బొబ్బలు మళ్లీ లేచాయి. అప్పుడే అప్ప దాచుకుని ఎండు నెత్తళ్ల చేపలు తిన్నట్టు తెలిసింది. "పథ్యం తప్పావు. అందుకే ఇలా అయింది" అన్నాను. డాక్టరు చేప మానమనలేదు. నోటి పుళ్లు మానేదాకా కారం, గట్టి తిండి వద్దన్నారు, అంతే. పుండుకు నీచు పడదన్నది మా ఊరి నమ్మకం. అది నిజం కాదని తెలిసీ దాని వెనక దాక్కున్నాను.

"సేపలమ్మినదాన్ని సప్పిడి కూడు తినమంతే ఎన్నాళ్లు తినగలనేటిరా?" అని నవ్వబోయింది. నా మొహం చూసి ఆగింది. "తప్పు నాదేరా. నువ్వింత సేస్తన్నావు, నా నాలిక ఊరుకోనేదు. ఇంక ముట్టను. కోపం సెయ్యకు."

"సరేలే" అన్నాను.

సరేలే! ఏ నోటితో అన్నాను ఆ మాట?

ఆసుపత్రిలో కూడా మాత్రలు సరిగ్గానే వేస్తున్నామని చెప్పాను. మందు పనిచేయడం లేదని వాళ్లు అనుకున్నారు. పుళ్లు చీము పట్టి, విషం రక్తానికి ఎక్కింది. నేను తగ్గించకపోతే బతికేదా? తెలియదు. ఎవరూ చెప్పలేరు కదా అని కూడా చాలాసార్లు తప్పించుకున్నాను.

పెద్దకర్మ నాడు ఆమెకు ఇష్టమైనవి ఆకులో వడ్డిస్తున్నారు. మేనకోడలు చేపల కూర గిన్నె తెచ్చింది. "అదే కదే మీయమ్మని తినేసినాది. అట్టుకుపో" అంది మా పిన్ని. ఆ పిల్ల నావైపు చూసింది. నేను ఆకు సర్దుతూ తల దించుకున్నాను. గిన్నె లోపలికి వెళ్లిపోయింది. చనిపోయాక కూడా అప్పకు నేను పెట్టిన పథ్యమే.

మేనకోడలికి ఇంకా చెప్పలేదు. చెప్పాక ఆమె నా గుమ్మం తొక్కకపోవచ్చు. తొక్కమని అడిగే మొహం నాకు లేదు. కింద నా పేరు పెట్టే ధైర్యం లేకపోయినా, ముందు ఇది చదివే మీకు చెబుతున్నాను. చెబుతుంటే కాస్త ఊపిరాడుతోంది. మా అప్ప ఏ తప్పూ చేయలేదు. మాత్రలు తగ్గించింది నేను.