సగం దాకా వచ్చిన అంచులు

గద్వాల చీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీయడం నా పని. నేను గీసినదాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. ఆ డిజైన్లన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉండేవి. ఒకరోజు గది ఊడుస్తుంటే చీపురు వైరుకు తగిలి అది బల్ల మీంచి కింద పడింది. మళ్లీ తగిలిస్తే లోపల టిక్కుటిక్కుమంటోందే తప్ప తెరుచుకోలేదు.

ఇంట్లో అందరూ ఇంజనీర్లైపోయారు. మా ఆయన దాన్ని అరచేత్తో రెండు తట్లు తట్టాడు. మా అత్తమ్మ బియ్యం డబ్బాలో పెట్టమంది. తడిసిన ఫోను అట్లాగే బాగైందట.

"ఇది నీళ్లల్ల పడలేదత్తమ్మా, నేల మీద పడ్డది" అన్నాను.

"పెడితే ఏం పోతది?" అంది.

నేను నేతగాళ్లింటికి వెళ్లొచ్చేసరికి మా మరిది స్క్రూడ్రైవర్‌తో దాని మూత ఊడదీసి కూర్చున్నాడు.

"లోపల దుమ్ముండె వదినా. గుడ్డతోని మంచిగ తుడిచిన. ఇగ నడుస్తది సూడు."

"నిన్నెవరు తుడవమన్నరయ్యా?"

"నీ కోసమే గద చేసిన! గిట్ల కోపం చేస్తె ఎట్ల?"

నేను వద్దంటుండగానే మూత బిగించి స్విచ్ వేశాడు. ఈసారి గరగరా గీకిన చప్పుడు వచ్చింది.

హైదరాబాద్‌కు తీసుకెళ్లాను. తోడొస్తానని మరిది కూడా బస్సెక్కాడు. బీచుపల్లి వంతెన మీద ఆంజనేయస్వామికి దండం పెట్టి, "అయితది తియ్ వదినా" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

డేటా తీసే చోట ఒకమ్మాయి దాన్ని విప్పి, లోపలి బిళ్లను ఫోటో తీసి చూపించింది. అద్దంలా మెరవాల్సింది, పీచుతో తోమిన స్టీలు పళ్లెంలా గుండ్రంగా గీతలు పడి ఉంది.

"గీతలు పడ్డచోట పూతే లేచిపోయిందండీ. అక్కడున్నది ఇక రాదు. చప్పుడు రాగానే ఆపేసుంటే చాలావరకు వచ్చేది."

"గుడ్డ మెత్తదే మేడం" అన్నాడు మా మరిది.

బిళ్లను చదివే సూదులు మార్చి, గీతలు లేని చోట్ల నుంచి తీయగలిగినంత తీసి వేరే డిస్క్‌లో పంపారు. ఆశగా తెరిచాను. కోటకొమ్మ అంచు సగం దాకా వచ్చి ఆగిపోయింది. హంసలకు తలలున్నాయి, కాళ్లు లేవు. కొన్ని ఫైళ్లకు పేరు తప్ప లోపల ఏమీ లేదు. నిండుగా వచ్చినవల్లా నాకే నచ్చక పక్కన పడేసిన పాత డిజైన్లు!

వేరే దారి లేక, ఆ డిజైన్లతో నేసిన చీరలు ఎవరి దగ్గరున్నాయో అడిగి తెచ్చుకుంటున్నాను. భూతద్దం పెట్టి పోగులు లెక్కపెడుతూ మళ్లీ గీస్తున్నాను. మెడ పట్టేస్తోంది. నిన్న ఓ కొంగు సగం లెక్కపెట్టానో లేదో, నేతాయన ఫోన్ చేశాడు.

"అట్టలింక రాలేదేందమ్మా? మగ్గం ఖాళీగుంది."

"మల్ల గీస్తున్న."

"మల్ల గీసుడేంది? కంప్యూటర్ల ఉంటయి గద. తీసి పంపనీకి గింత పరేషానా?"

జవాబు చెప్పి ఫోన్ పెట్టేసేసరికి లెక్క తప్పింది. మళ్లీ మొదటి పోగు నుంచి మొదలుపెట్టాను.