ఒకే వాకిలి చర్చి

నాకు అక్షరాలు వచ్చింది అరవై ఏళ్లు దాటాకే. అందుకే మా పాస్టరయ్య గురించి ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

జమ్మలమడుగు దగ్గర మా ఊరి లూథరన్ చర్చికి రెండు వాకిళ్లు. ఊళ్లో పార్టీల కొట్లాటలు మొదలయ్యాక, ఒక పార్టీవాళ్లు ఒక వాకిట్లోంచి, రెండోవాళ్లు ఇంకో వాకిట్లోంచి వచ్చి విడిగా కూర్చునేవాళ్లు. చర్చి ఊడ్చేది నేనే. పాస్టరయ్య ఎవరితో మాట్లాడుతున్నా పుల్లతో నేలమీద ఒకే వాకిలి ఉన్న చర్చి గీసేవారు. "ఈడనుంచే అందరం పోదామప్పా," అనేవారు.

"ఇంతకూ దేవుడు యా పార్టీ అయ్యా?" అని సంఘపెద్ద ఒకాయన ఎగతాళి చేశాడు.

"ఆయనకు ఓటు లేదులేప్పా," అని అయ్య నవ్వారు.

ఒక శనివారం ఆయనే ఇటుకలు పేర్చి ఉత్తరపు వాకిలి మూసేశారు. ఆదివారం ఒక్కరూ రాలేదు. "వాళ్ల ఎనకాల మేము పోవాల్నా?" అని రెండు పార్టీలదీ ఒకటే మాట. ఆరాధనలో అందరూ కలిసి పుచ్చుకునే రొట్టె, ద్రాక్షరసం బల్లమీద అట్లాగే ఉండిపోయాయి.

"నాకు కనపడేది వీళ్లకు చూపించలేకపోతి తల్లీ," అన్నారు అయ్య నాతో. సాయంత్రం ఆ ఇటుకలు ఆయనే తీసేశారు.

మరుసటి ఉదయం ఎప్పటిలాగే రెండు వాకిళ్ల ముందూ ఊడ్చాను. మెట్ల దగ్గర ఆయన గీసిన చర్చి చీపురు కింద చెరిగిపోయింది.