గోడమీది బటన్

ఆఫీసులో అందరూ ఆమెను రెప్పలక్క అంటారు. కార్లలో డ్రైవరు పక్కనుండే టచ్‌స్క్రీన్ మీద ఏ బటన్ ఎక్కడుండాలో తేల్చడం ఆమె ఉద్యోగం. చెక్కతో చేసిన ఉత్తుత్తి కారులో ఒక డ్రైవరును కూర్చోబెట్టి, ఎదుటి గోడ మీద రోడ్డు వీడియో ఆడించి, "ఏసీ తగ్గించండి" అంటుంది. అతని చూపు రోడ్డును వదిలి ఎంతసేపటికి తిరిగొస్తుందో లెక్కపెడుతుంది. రెండు సెకన్లు దాటితే ఆ బటన్ పనికిరాదు. పదకొండేళ్ళుగా కళ్ళనే చదువుతోంది కాబట్టి, ఇంట్లో భర్త ఆమెతో అబద్ధాలాడటం ఎప్పుడో మానుకున్నాడు.

ఈసారి చిక్కంతా చేత్తో తిప్పే ఒక నాబ్‌తో వచ్చింది. వానలో ముందద్దానికి లోపల ఆవిరి కమ్ముకుంటే దాన్ని పోగొట్టే నాబ్ అది. దాన్ని పీకేసి స్క్రీన్‌లోకి తోసేయాలని మేనేజరు పట్టుబట్టాడు. నున్నటి డాష్‌బోర్డంటే ఆయనకు ప్రాణం. స్క్రీన్ మీది ఆవిరి బటన్ పరీక్షలో ఆరుగురు డ్రైవర్లలో ముగ్గురు నెగ్గారు, ముగ్గురు తప్పారు. ఏడోవాడితో తేలిపోవాలి. ఎవరూ దొరకలేదు. సొంతవాళ్ళను పిలవకూడదన్న నియమాన్ని పక్కనపెట్టి, వారం ముందే అన్నయ్యకు కబురు చేసింది. ఆయన ఇరవయ్యేడేళ్ళుగా బడి బస్సు నడుపుతున్నాడు. ఆమెకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే.

పరీక్ష రోజున ఆమె "అద్దానికి ఆవిరి పట్టింది" అనగానే అన్నయ్య చెయ్యి స్క్రీన్ మీదికి వెళ్ళి వచ్చేసింది. ఒక్క సెకను కూడా కాలేదు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. నాబ్ తీసేయడం ఖాయమైంది. అన్నయ్య ముఖం వెలిగిపోతుంటే ఆమెకూ సంతోషమే కలిగింది. కానీ మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. వెతికే కన్ను కాస్తయినా తడబడుతుంది. అన్నయ్య కన్ను తడబడలేదు.

ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్ళింది. వంటింటి గోడకు ఒక కాగితం అంటించి ఉంది. నెల కిందట వదినకు చూపించడానికి తానే తెచ్చి, మరిచిపోయి వెళ్ళిన స్క్రీన్ బొమ్మ అది. దాని ఎదుట కుర్చీ, కుర్చీలో పెద్ద గిన్నె మూత. బొమ్మలో ఆవిరి బటన్ ఉన్నచోట కాగితం మాసి, అరిగి, చిరిగిపోయింది.

వదిన నవ్వింది. "పరీక్ష దాకా వారమంతా ఇదే వరస మీ అన్నయ్యకి. ఆ మూతే స్టీరింగు. నేను వంట చేస్తూ 'ఆవిరి' అనాలి, ఆయన ఠక్కున నొక్కాలి."

ఆమెకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది, వెంటనే ఏడుపొచ్చింది.

"ఎందుకు చేశావన్నయ్యా?"

"నీ ఆఫీసులో నీ అన్నే తప్పితే, నీకు తలవంపులు కాదూ?"

"పరీక్ష నీకు కాదు, ఆ బటన్‌కి. మొదటిరోజు ఎంతసేపు పట్టింది?"

అన్నయ్య మూత అందుకుని తిప్పుతూ కూర్చున్నాడు. "మీ వదిన తొమ్మిది దాకా లెక్కపెట్టింది" అన్నాడు చివరికి.

"కారు కొన్నవాళ్ళ ఇంట్లో ఈ కాగితం ఉండదు. వాళ్ళు వానలోనే నేర్చుకోవాలి."

ఆయన మూత కింద పెట్టేశాడు. "తొమ్మిది సెకన్లు. నా వెనక నలభై మంది పిల్లలుంటారు" అన్నాడు మెల్లగా. లేచి, గోళ్ళతో అంచులు లేపి, ఇంకా చిరగకుండా ఆ కాగితం ఊడదీసి ఆమె చేతికిచ్చాడు. "పద, నేనూ వచ్చి చెప్తాను."

సోమవారం ఇద్దరూ మేనేజరు ముందు నిలబడ్డారు. నియమం తప్పింది తానేనని ఆమె ఒప్పుకుంది. మేనేజరు ఆ చిరుగు వైపు చాలాసేపు చూశాడు. నాబ్ ఉండిపోయింది. ఆ కారు పని నుంచి మాత్రం ఆమెను తప్పించారు. పదకొండేళ్ళ పేరు పోయినందుకు ఆమె బాధపడింది, బాధ లేదని ఎవరితోనూ బొంకలేదు.

ఏడాదికి ఆ కారు రోడ్డెక్కింది. షోరూమువాళ్ళు ఒక చుట్టు నడిపి చూడమంటే అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎక్కారు. సగం దారిలో వాన పట్టుకుంది, అద్దం మసకబారింది. ఆమె అలవాటు చొప్పున అన్నయ్య కళ్ళ వైపు తిరిగి లెక్కకు సిద్ధమైంది. ఆయన రోడ్డునే చూస్తూ, చెయ్యి చాచి నాబ్ తిప్పాడు. లెక్కపెట్టడానికి ఏమీ లేదు.