జనార్దనానికి దక్కిన దీర్ఘశాంతం

మద్రాసు పక్క అంబత్తూరులో గేర్లు తయారుచేసే ఒక కంపెనీలో జనార్దనం ఇరవయ్యారేళ్ళుగా ఇన్‌స్పెక్టరు. పోలీసు ఇన్‌స్పెక్టరు కాదు, అంతకన్నా కఠినం. పోలీసు ఇన్‌స్పెక్టరునైతే బతిమాలుకోవచ్చు. జనార్దనం చొక్కా జేబులో ఎప్పుడూ మూడు రంగుల చీటీలుంటాయి. ఆకుపచ్చది కడితే సరుకు బయటికి పోవచ్చు. పసుపుది కడితే మళ్ళీ పనిలోకి పంపాలి. ఎర్రది కడితే ఆ గేరు కథ అంతటితో ముగిసి, తుక్కు బండి ఎక్కుతుంది. టాలరెన్సును, అంటే ఒప్పుకోదగ్గ తేడాను, వెంట్రుకలో పదో వంతు దాటినా ఆయన చెయ్యి ఎర్రచీటీ వైపే పోయేది. గేర్లకు నోరుంటే ఆయన మీద యూనియన్ పెట్టి ఉండేవి.

ఆయన జీవితంలో కట్టిన అతి పెద్ద ఎర్రచీటీ మాత్రం తనకు తానే కట్టుకున్నది.

రాయపురంలో ఒక మేడమీద హాల్లో తెలుగు సంఘం కూడుతుంది. ఆయన భార్య మంగళ ఎనిమిదేళ్ళ కిందట అక్కడే బాప్తిస్మం పుచ్చుకుంది. ఆమెను బండి మీద దింపి తిరిగొచ్చేయడం జనార్దనం పని. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం వాన పట్టుకోవడంతో వెనకబెంచీలో కూర్చున్నాడు. వాన గంటలో వెలిసింది. ఆయన మాత్రం ఇంకా లేవలేదు. నమ్మాడు, అందులో ఆయనకు సందేహం లేదు. కానీ ప్రతి డిసెంబరులోనూ పాస్టరు భక్తవత్సలంగారు బాప్తిస్మం సంగతి ఎత్తినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"నా కోపం ఇంకా టాలరెన్సులోకి రాలేదయ్యా. ఈ పీసు పాసు కాదు."

అబద్ధం కాదు. చపాతీ గుండ్రంగా లేదని నిరూపించడానికి ఫ్యాక్టరీలో గేర్లు కొలిచే వెర్నియర్ తెచ్చి కొలిచిన చరిత్ర ఆయనది. ఆ ఇంట్లో స్టీలు కంచాలు ఆరు. ఆరూ గాలిలో ప్రయాణం చేసినవే. "నమ్మినాక కూడా ఇట్టా ఉండానంటే లోపల మెటీరియలే తప్పు" అని ఆయన తీర్పు. దాని మీద అప్పీలు లేదు.

ఇలా ఉండగా మొన్నటి జనవరి వచ్చింది.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆ సంఘంలో వాగ్దాన కార్డులు తీసే ఆచారముంది. పళ్ళెంలో కార్డులు బోర్లించి పెడతారు. కళ్ళు మూసుకొని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడంతా దేవుడు ఆ మనిషితో చెప్పదలచుకున్న మాట అదేనని నమ్మకం. వచ్చింది నచ్చని భక్తులు కొందరు మళ్ళీ వరస చివర చేరి రెండో కార్డు తీస్తారని పాస్టరుగారికి తెలుసు. ఆయన చూడనట్టు ఊరుకుంటారు. పెద్ద వాక్యాలు రాస్తే ఎవరూ చదవడం లేదని ఆ ఏడు ఒక్కో కార్డు మీద ఒక్కో మాటే అచ్చు వేయించారు.

జనార్దనం చదువు తమిళబడిలో సాగింది. ఇంట్లో తెలుగు మాట, బళ్ళో తమిళ రాత. తెలుగు అక్షరాలు పాటల పుస్తకం చూసి నడివయసులో కూడబలుక్కున్నవి. ఒత్తులు వచ్చినచోట స్పీడు బ్రేకరు ఎక్కిన బండిలా ఎగిరి దిగుతాడు. కార్డు తిప్పి చూశాడు. దీ... ర్ఘ... శాం... త... ము.

దీర్ఘమంటే తెలుసు, పొడుగు. శాంతం తమిళంలోనూ శాంతమే, నెమ్మది. రెండూ కలిపితే పొడుగాటి నెమ్మది. ఏడాది పొడుగునా సద్దూ గొడవా లేని బతుకు! ఇంటి కాంపౌండులో నలుగురి గోల, ఫ్యాక్టరీలో మిషన్ల గోల, రోడ్డుమీద హారన్ల గోల మధ్య యాభైరెండేళ్ళు వచ్చిన మనిషికి పరలోకం నుంచి లిఖితపూర్వకంగా అందిన హామీ అది. కార్డును జేబులో మూడు చీటీల పక్కన పెట్టుకున్నాడు.

"ఏమొచ్చిందండీ మీకు?" అంది మంగళ, మెట్లు దిగుతూ.

"దీర్ఘశాంతం!"

మంగళ పుట్టింది సూళ్ళూరుపేటలో, చదివింది తెలుగుబడిలో. కొంగు నోటికడ్డం పెట్టుకొని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "దేవుడికి మీ అడ్రసు కరెట్టుగా తెలుసండీ!"

"తెలీకుండా ఉంటాదా మే?" అన్నాడు జనార్దనం గర్వంగా.

ఇద్దరూ ఆనందంగా ఇల్లు చేరారు. మాట ఒకటే, ఆనందాలు మాత్రం రెండు. ఆ తేడా పదకొండు నెలల దాకా ఎవరికీ తెలియలేదు.

ఆ సాయంత్రం జనార్దనం ప్రార్థనలో దేవుడితో ఒప్పందం కుదుర్చుకున్నాడు. దేవుడి అభిప్రాయం అడగలేదు. 'ఈ ఏడు ఆ శాంతం వస్తే నేను పాసైనట్టు. డిసెంబరులో నీళ్ళలో దిగతా. రాలేదా, నువ్వూ నాకు ఎర్రచీటీ కట్టేసినావని అర్థం. మంగళను మెట్లకాడ దింపేసి ఇంటికొచ్చేస్తా. మళ్ళీ పైకెక్కేది లేదు.'

మూడో రోజు పక్కవాటా మాదయ్య బాకా కొన్నాడు.

మాదయ్య హార్బరులో క్రేను నడిపి రిటైరైన పెద్దమనిషి. పెళ్ళి ఊరేగింపులో ట్రంపెట్ వాయించాలని పదేళ్ళ వయసు నుంచీ ఆశ. అరవైమూడో ఏట ముహూర్తం కుదిరింది. మంగళ బట్టలారేస్తూ పాడుకునే ఒక కీర్తన ఆయనకు నచ్చింది. తొలిపాఠంగా అదే ఎత్తుకున్నాడు. మొదటి అయిదు స్వరాలు ఒక రకంగా బయటపడతాయి. ఆరో స్వరం దగ్గర మాత్రం దున్నపోతుకు జలుబు చేసినట్టు ఒక చప్పుడు వచ్చి, ఆ తరవాత నిశ్శబ్దం. మళ్ళీ మొదటి నుంచి.

జనార్దనం లుంగీ బిగించి లేచాడు. తిట్టాల్సిన మాటలు వరసగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. మాదయ్య తలుపు దాకా పోయాడు. అక్కడ ఆగాడు. రేపో మాపో దీర్ఘశాంతం వచ్చేస్తుంది. ఈరోజు తగాదా పెట్టుకుంటే, రేపు వచ్చే నెమ్మది తన అరుపుల వల్ల వచ్చిందో దేవుడి వల్ల వచ్చిందో ఎలా తేలుతుంది? ఇన్‌స్పెక్షనే చెడుతుంది.

"ఏం తంబీ?" అన్నాడు మాదయ్య తలుపు తీసి.

"ఏం లేదన్నా. బాగుండావా అని."

ఇంటికొచ్చి దుప్పటి తలదాకా కప్పుకొని, "రేపొస్తాదిలే" అనుకున్నాడు.

ఆ రేపు కోసం నెలలు గడిచాయి. ఫిబ్రవరిలో వాళ్ళ సందంతా కాలవ కోసం తవ్వారు. ఏప్రిల్‌లో నీళ్ళ మోటరు వంతుల మీద కాంపౌండులో యుద్ధం జరిగింది. జూన్‌లో ఫ్యాక్టరీలో ఆయన గది గోడకు అవతలే కొత్త పవర్ ప్రెస్సు దింపారు. అది ఒక దెబ్బ వేస్తే ఆయన టీ గ్లాసు బల్లమీద అంగుళం నడిచేది. ప్రతిసారీ ఆయన పళ్ళు బిగించి, 'అంత పొడుగు శాంతం గదా, స్టార్టయ్యేదానికే టైం పడతాది' అని సర్దిచెప్పుకున్నాడు. ఈలోగా సింహళ ద్వీపం ఆకారంలో చపాతీ వస్తే తినేశాడు. వెర్నియర్ సంచిలోనే ఉంది. ఆ సంగతి ఆయనా గమనించలేదు, వడ్డించిన మంగళా గమనించలేదు.

గమనించినవాడు రంగసామి.

రంగసామి ఆ కంపెనీ ఫర్నేసు ఆపరేటరు. గేర్లను కొలిమిలో పెట్టి తలుపు మూసి గంటలకొద్దీ ఉంచితే పైపొర గట్టిపడుతుంది. ఆగస్టులో ఒక రోజు జనార్దనం అక్కడికి పోయి తొందరపెట్టాడు.

"తలుపు ఒకసారి తియ్యి రంగసామీ. ఏ మాత్రం అయిందో చూస్తా."

"తీస్తే వేడి పోతాది సార్. మళ్ళీ మొదట్నించి పెట్టుకోవాల."

"మరి లోపల పని అవతా ఉందో లేదో ఎట్టా తెలుస్తాది?"

"అయినాక ఒకదాన్ని కోసి చూస్తాం."

"కొయ్యకుండా?"

"కొయ్యకుండానా? నమ్మాల, అంతే."

"సెరి" అని జనార్దనం వెనుదిరిగాడు. రంగసామి ఆందోళనగా వెంటపడ్డాడు.

"సార్, సార్! పోయినేడు ఇదే మాట చెప్తే టూల్ బాక్సు ఇసిరినారే నా మీద. ఈరోజు సెరి అనేసి పోతా ఉండారు. వొంట్లో బాగుందా?"

"ఇసిరేదానికి ఓపిక లేదప్పా" అన్నాడు జనార్దనం. చెప్పిన మాటలో ఉన్న తమాషా ఆయనకు తట్టలేదు.

అక్టోబరు నాటికి ఆరో స్వరం ఆయన కలల్లోకి రావడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం వెర్నియర్, టార్చిలైటు తీసుకొని మాదయ్య ఇంటికి పోయి, బాకాను విప్పి, తుడిచి, కొలిచి, నూనె వేసి, రెండు గంటల సేపు పరీక్ష చేశాడు. చివరికి జేబులోంచి ఆకుపచ్చ చీటీ తీసి దానికి కట్టాడు.

"బాకా పాసన్నా. తప్పు దానిది కాదు." పసుపు చీటీ తీసి మాదయ్య చొక్కా గుండీకి కట్టాడు. "నువ్వే రీవర్కు."

మాదయ్య దాన్ని పతకంలా తడుముకున్నాడు. "ఎర్రది కట్టలేదు గదా తంబీ, అది చాలు!"

డిసెంబరు మొదటి వారంలో పాస్టరుగారు యథాప్రకారం వచ్చారు. ఒంగోలు నుంచి మద్రాసు చేరి ఏడేళ్ళయినా ఆయన భాషకు ఇంకా సముద్రపు గాలి సోకలేదు.

"ఏవండీ జనార్దనంగారూ, ఈసారైనా..."

"లేదయ్యా. ఈసారి నేను చెప్పేది కాదు, పైనుంచే వచ్చేసింది." అన్నాడు జనార్దనం. "ఆరేళ్ళు వెనకబెంచీలో కూర్చున్నా. రేపు ఆదివారం నుంచి రాను. దేవుడు నాకు మాటిచ్చి నిలబెట్టుకోలేదు. అంటే నన్ను తుక్కులో వేసేసినాడనే గదా?"

మంగళ కాఫీ గ్లాసులు పట్టుకొని గుమ్మంలోనే నిలిచిపోయింది. ఆయన జేబులోంచి కార్డు తీసి బల్లమీద పెట్టాడు. పదకొండు నెలల చెమటకు అంచులు నలిగిపోయాయి.

"దీర్ఘశాంతం ఇస్తానన్నాడయ్యా! ఏడాదంతా కాచుకున్నా. ఒక్క రోజు, ఒక్క పూట నెమ్మది లేదు. కాలవ తవ్వినారు. మోటరు గొడవ. ప్రెస్సు. ఇంక ఆ మాదయ్య అన్న..."

పాస్టరుగారు కార్డు చూశారు. జనార్దనాన్ని చూశారు. నవ్వు ఆపుకోబోయి పాస్టరుగారి మీసం అదరడం మొదలైంది. "దీర్ఘశాంతమంటే ఏమనుకున్నారండీ మీరు?"

"పొడుగాటి నెమ్మది."

మంగళ గ్లాసులు కింద పెట్టేసింది, లేకపోతే పడేవి.

"కాదండీ! ఎంత కాలం విసిగించినా ఓర్చుకోవడం. తమిళంలో మీవాళ్ళు నీడియ పొరుమై అంటారు చూడండి, అదండీ ఇది."

"పొరుమయ్యా?" జనార్దనం కుర్చీలోంచి లేచాడు. "అయ్యో, అది ముందే తెలిసుంటే కార్డు ఆడనే పళ్ళెంలో పెట్టేసి ఉంటా గదయ్యా! రెండోసారి క్యూలో నిలబడి ఉంటా!"

"అందుకేనేమో తెలియనివ్వలేదు" అన్నారు పాస్టరుగారు.

మంగళ గబగబా వంటింట్లోకి పోయి ఆరు కంచాలూ తెచ్చి బల్లమీద పరిచింది. "ఇన్‌స్పెక్టరు సారు, చూడండి. ఈ ఏటి సొట్ట ఒకటి చూపించండి."

జనార్దనం వృత్తిధర్మం ప్రకారం కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక్కో కంచం వెలుతురుకు ఎత్తి తిప్పాడు. ఇది రెండేళ్ళ కిందటిది, ఉప్పు తక్కువైన సాంబారు. ఇది పోయినేడు దీపావళి. అన్ని సొట్టలూ తోమి తోమి అంచులు అరిగినవే. కొత్తది ఒక్కటీ లేదు. మొదటి నుంచి మళ్ళీ చూశాడు. ఆరో కంచం చేతిలోనే ఉండిపోయింది.

"కానీ... నేను ఓర్చుకోలేదయ్యా. ఊరికే కాచుకోని ఉన్నా."

"ఓర్చుకోవడమంటే మరేమిటండీ?"

"తప్పుగా చదివి చేసింది లెక్కలోకి వస్తాదా? ఇందులో నేను చేసింది ఏమీ లేదే!"

"మీరు చేసింది కాదనే కదండీ నేనూ చెబుతున్నది! మీ గేరుకు తనను తయారుచేసే డ్రాయింగు చదవడం వచ్చా?"

జనార్దనం ఆలోచించాడు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో డ్రాయింగు చదివిన గేరు ఒక్కటీ ఆయన చేతికి రాలేదు.

"ఇప్పుడు అర్థం తెలిసిపోయిందే. రేపట్నించి మళ్ళీ కోపం వస్తే?"

"వస్తుందండీ. పని అయిపోయిందని ఎవరన్నారు?"

సరిగ్గా అప్పుడే గోడ అవతల బాకా లేచింది. అయిదు స్వరాలు. తరవాత దున్నపోతు. పాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. ఇద్దరూ జనార్దనం ముఖంలోకే చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది, నోరు తెరుచుకుంది, మూసుకుంది. ఉన్నట్టుండి ఆయన నవ్వసాగాడు. నవ్వి నవ్వి పొట్ట పట్టుకొని కంచాల పక్కన కూలబడ్డాడు. "పదకొండు నెల్లయ్యా!" అన్నాడు ఊపిరందక. "పదకొండు నెల్లు ఇదే నోటు!"

ఆ నెల చివరి ఆదివారం మేడమీది సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపారు. జనార్దనం చీటీల చొక్కా విప్పి మంగళకు ఇచ్చి, తెల్లబట్టలు కట్టుకున్నాడు. పిలుపు అందుకొని సిల్కు చొక్కాతో వచ్చిన మాదయ్య తన గుండీకి ఉన్న పసుపు చీటీ విప్పి, ఆ చొక్కా జేబుకు తగిలించాడు.

"నీకు తీసి ఇచ్చేస్తా ఉండా తంబీ. నాకన్నా నీకే ఎక్కువ పని ఉండేట్టుంది."

జనార్దనం మునిగి లేచాడు. సంఘం చప్పట్లు కొట్టింది. ముందే కుదిరిన ఏర్పాటు ప్రకారం మాదయ్య బాకా ఎత్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆగాడు. బుగ్గలు పొంగాయి, కళ్ళు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. పాట అందుకోవాల్సిన సంఘమంతా నోళ్ళు తెరిచి నిలబడింది.

రొమ్ములోతు నీళ్ళలో, మీసాల నుంచి నీళ్ళు కారుతూ, పళ్ళు టకటకలాడుతూ జనార్దనం చెయ్యెత్తాడు.

"పొరుంగో, పొరుంగో" అన్నాడు అందరికీ. "తొందరపెట్టొద్దు. వస్తాది."