పేర్లు కనిపించని తెర

ఊళ్లోని చిన్న గ్రంథాలయంలో ఆమె ఉద్యోగం. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి బాగు చేయవచ్చు. పదేళ్లపాటు దాన్ని మోసింది ఇద్దరే, ఆమె, అందరూ పెద్దాయన అని పిలిచే ఒక ముసలాయన. "జీతం లేని కొలువు, సెలవు లేని చాకిరీ" అని తల్లి దెప్పుతూనే ఉండేది. నిజమే కానీ, ఆమెకు తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ పనొక్కటే.

పెద్దాయన పోయి ఏడాదైంది. అప్పుడే ఆయన భార్య ఆయన కంప్యూటర్ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. "ఆయన పనంతా ఇందులోనే ఉందమ్మా. నువ్వే ఉంచుకో" అంది. ఆమె పాత యంత్రం అప్పటికే మూలుగుతూ ఉండేది. దాన్ని వదిలించుకుని దీని ముందు కూర్చుంది. పెద్దాయనకో పట్టుదల ఉండేది, పని చూడాలి గానీ పేరు చూడకూడదని. అందుకే ఆ తెర మీద ఎవరు రాసినా పేరు కనబడకుండా మూసి పెట్టుకున్నాడు. ఆయన మీద గౌరవంతో ఆమె దాన్ని ముట్టుకోలేదు.

మొదటి రోజే ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లందరికీ కబురు రాసింది. ఆయన పేరు రాయడానికి చెయ్యి రాలేదు. "నా తోటి మనిషి పోయారు. ఇక నేనొక్కరినే" అని మాత్రం రాసింది. ఓదార్పులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. చదువుకుంటూ ఏడ్చింది.

ప్రతి ఏడాది మొదట్లో రాబోయే పన్నెండు నెలల పనుల ప్రణాళిక వేస్తారు. పనులు పంచేది ఎక్కడో దూరాన ఉండే ఒక బడిపంతులు. ఆయన మొహం ఎవరూ చూడలేదు, అందరికీ జాబితా మేష్టారే. ప్రణాళికలో పని లేనివాళ్లు సాఫ్ట్‌వేర్‌ను మార్చేందుకు లోపలికి వెళ్లే తాళం, అది వెలువడిన సాయంత్రం అయిదింటికి దానంతటదే చెల్లకుండా పోతుంది. ఈసారి పెద్ద బాధ్యత తనకే ఇస్తారని ఆమె ఎదురుచూసింది.

ప్రణాళిక వెలువడిన రోజు మధ్యాహ్నం గ్రంథాలయంలోని కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచింది. తొమ్మిది పనులు. తొమ్మిదింటి పక్కనా పెద్దాయన పేరే. అట్టడుగున ఆమె పేరు, దాని పక్కన "స్మృతిలో" అని ఉంది.

ఆమె పేజీని మూసి మళ్లీ తెరిచింది, అదే ఉంది. చచ్చినాయనకు చాకిరీ, బతికున్న తనకు నివాళి. ఇదేం చోద్యం? తలనొప్పి అని చెప్పి ఇంటికి పరుగెత్తింది. పెద్దాయన కంప్యూటర్ ముందు కూర్చుని, చెప్పులైనా విప్పకుండా మేష్టారికి రాసింది. "నేను బతికే ఉన్నాను. పోయింది నా తోటి మనిషి."

జాబితా మేష్టారి జవాబు వెంటనే వచ్చింది.

"తెలుసు పెద్దాయనా. ఆవిడ పోయి ఏడాదైనా మీరింకా తేరుకోలేదు. మీరున్నారన్న ధైర్యంతోనే కదా ఇవన్నీ పెట్టాం. ఎక్కువైతే చెప్పండి."

ఆమె మొదటిసారి ఆ తెర మీద పేర్లు తెరిచింది. తన వాక్యం కింద పెద్దాయన పేరు. ఆ యంత్రంలో ఉన్నది ఆయన తాళమే. వెనక్కి వెళ్లింది. ఏడాది పొడుగునా తను సరిచేసిన ప్రతి తప్పు కింద, రాసిన ప్రతి మాట కింద ఆయన పేరే. తాను చదివి ఏడ్చిన ఓదార్పులన్నీ, తనే పోయిందనుకుని జనం ఆయనకు రాసినవి.

తన తాళం పాత యంత్రంతోపాటే పోయింది. కొత్త పేరుతో వచ్చి చెబితే? పోయిన మనిషినని చెప్పుకునేవాళ్లను ఎవరు నమ్ముతారు? "నేను ఆయన్ని కాదు" అని పైకే అంటూ రాసింది. దాని కిందా ఆయన పేరే పడింది. ఈసారి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది.

"కాస్త విశ్రాంతి తీసుకోండి పెద్దాయనా."

వంటింట్లోంచి తల్లి అడిగింది. "ఎవరితోనే మాట్లాడుతున్నావు?"

అయిదయింది. జాబితా అడుగున తన పేరు బూడిద రంగులోకి మారింది. పైన తొమ్మిది పనులూ అలాగే ఉన్నాయి. అవెలా చేయాలో ఆమె చేతులకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. మేష్టారు మళ్లీ అడిగాడు.

"రేపటి నుంచి మొదలుపెడతారా?"

ఆమె పేర్లు మళ్లీ మూసేసి, "సరే" అని రాసింది.