కొలువెక్కిన జేడ్ పురుగు

ఫ్రిస్కోలోని మా ఇంట్లో దసరా బొమ్మల పెట్టె మూత తియ్యగానే కలరా ఉండల ఘాటూ, బొమ్మలకి చుట్టిన పాత చీరముక్కల వాసనా కలిసి ముక్కుకి తగులుతాయి, నేను మళ్ళీ పిస్కాటవే అపార్ట్‌మెంట్‌లో చిన్నపిల్లనైపోతాను. కిటికీ బయట మేపుల్ ఆకులు ఎర్రబడుతుండేవి. లోపల అమ్మమ్మ శనగలు తాలింపు వేస్తే ఆ పొగకి స్మోక్ అలారం గోల పెట్టేది, అమ్మ దాని కింద తువ్వాలు విసురుతూ నించునేది, నాన్న అట్టపెట్టెలు పేర్చి తెల్లదుప్పటి కప్పి మెట్లు కట్టేవారు.

అమ్మమ్మ కొలువుకి ఒకటే నియమం: వచ్చే ప్రతి పిల్లా ఒక బొమ్మ తేవాలి, తెచ్చింది ఏదైనా సరే మెట్టెక్కాల్సిందే. అందుకే రాముడి పట్టాభిషేకం పక్కన ప్లాస్టిక్ డైనోసార్ దర్జాగా నిలబడేది. ఓ ఏడు నా ప్రాణస్నేహితురాలు, ఎదురింటి మెయ్, వాళ్ళ అమ్మమ్మని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, మా అమ్మమ్మకి చైనీస్ రాదు. అయినా ఇద్దరూ మధ్యాహ్నాలు బాల్కనీలో చిక్కుళ్ళు తుంచుకుంటూ ఎవరి భాషలో వాళ్ళు హాయిగా కబుర్లాడుకునేవారు. ఆ రోజు ఆవిడ తన మెళ్ళోని ఎర్రదారం తీసి, దానికి వేలాడే జేడ్ రాతి పురుగుని అమ్మమ్మ అరచేతిలో పెట్టింది. మీగడలో కాస్త ఆకుపచ్చ కలిసిన రంగు, మడిచిన రెక్కలు, తరతరాల వేళ్ళు తాకి తేరిన నునుపు.

"ఇలకోడే! ఎంత ముద్దుగా చెక్కాడో!" అంటూ అమ్మమ్మ దాన్ని మెట్టెక్కించింది.

నాన్న ఆఫీసు స్నేహితుడు మూర్తి అంకుల్, ఒక్కసారి మ్యూజియం చూసొచ్చి చైనా చరిత్రంతా తన జేబులో ఉన్నట్టు మాట్లాడే మనిషి, గారెల ప్లేటు పక్కన పెట్టేశారు. "అయ్యో, ఇది శవం నోట్లో పెట్టేదండీ! పండగపూట అశుభం, తీసెయ్యండి."

ఆంటీలు వెనక్కి జరిగారు. మాటలు అర్థం కాకపోయినా ముఖాలు అర్థమై, మెయ్ వాళ్ళ అమ్మమ్మ లేచి తన పురుగు కోసం చెయ్యి చాపింది. ఆవిడ ఇంక మా గడప తొక్కదని నాకు భయం వేసింది, ఏడుపొచ్చింది. అప్పుడే ఎర్రదారం నా కంటపడింది.

"అంకుల్, దీనికి హోల్ ఉంది! నోట్లో పెట్టేదానికి దారం ఎందుకు?"

నేను ఇంగ్లీషులో చెప్పిన ఆ మాటని మెయ్ చైనీస్‌లో చెప్పగానే ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ చెప్పింది మెయ్ ఇంగ్లీషులో, నేను తెలుగులో అందించాం: శవాలకి పెట్టేవి వేరు, వాటికి రంధ్రం ఉండదు, ఇది బతికున్నవాళ్ళు మెళ్ళో వేసుకునేది. ఏళ్ళ తరబడి మట్టిలో ఉండి, పాత పొట్టు విడిచి, రెక్కలొచ్చి పాడే పురుగు కాబట్టి మళ్ళీ పుట్టడానికి గుర్తు.

"విన్నావా నాయనా?" అంది అమ్మమ్మ. "మళ్ళీ మళ్ళీ పుట్టేదాని చోటు ఇది కాదు." పురుగుని పై మెట్టు మీదికి, దశావతారాల సరసకి జరిపింది. మెయ్ వాళ్ళ అమ్మమ్మ మహారాణిలా మళ్ళీ కూర్చుంది, మూర్తి అంకులే వెళ్ళి ఆవిడకి గారెలు వడ్డించారు. నాకైతే ఆ రోజు నేల మీద కాలు ఆనలేదు.

అమ్మమ్మలిద్దరూ ఇప్పుడు లేరు. ఆ బాల్కనీ ఉన్న బిల్డింగునీ కూలగొట్టేశారు, డైనోసార్ ఎటు పోయిందో తెలియదు. ప్రతి దసరాకీ మెయ్ మాత్రం పోస్టుని నమ్మక, పురుగుని మెళ్ళో వేసుకుని సన్నీవేల్ నుంచి విమానమెక్కుతుంది. ఇందాకే వచ్చి, గుమ్మంలోనే దారం తీసి మా అమ్మాయి చేతిలో పెట్టింది. ఒంటి వెచ్చదనం ఇంకా ఆరని ఆ పురుగుని మా అమ్మాయి, ఎవర్నీ అడక్కుండా, కల్కి పక్కన కూర్చోబెట్టింది.